మంగళవారం నుంచి శనివారం దాకా

ఆదివారం, మార్చి 10
ఐదో లాకు కింద, ఇటుకల గోదాము పక్కన

తమ్ముడూ,

ఫోన్లో మనం రెండు నిమిషాలు మాట్లాడితే మూడో నిమిషంలో గొడవే. అందుకే కాగితం. పడవ ఎక్కడుందో మాత్రం ఫోన్లో ఒక్క ముక్క మెసేజ్ పెట్టుకుందాం. మిగతావన్నీ రాసి, పొయ్యి పక్క గూట్లో పెడదాం. మిగతా రోజులు ఆఫీసు దగ్గర హాస్టల్లో ఉంటాను, శని, ఆదివారాలు నేను నడుపుతాను. నీ దుకాణానికి సెలవుండే సోమ, మంగళవారాలు నువ్వు నడుపు. ఎలా కట్టాం, ఏం పాడైంది, ఏం చూసుకోవాలి, ఇవి రాస్తే చాలు. కథలు వద్దు.

సంగతి నీకు తెలుసు, అయినా ఇంకోసారి రాస్తున్నా, నీకు ఒక చెవిలో చెప్పింది ఇంకో చెవిలోంచి పోతుంది కనక. నేను పడవ కట్టుకుని ఉండే గట్టు అమ్మేశారు. వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు. మీ ఊరి రేవులో సొంత చోటు కోసం ఐదేళ్ళుగా జాబితాలో ఉన్నాను, ఇప్పటికి నా వంతు వచ్చింది. మార్చి 30, శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల పడవ అక్కడ కట్టి ఉండాలి. నేనొక్కదాన్నీ వెళ్ళి సంతకం పెడితే చెల్లదు, పడవ ఉండాలి. లేకపోతే నా వెనకవాళ్ళకి ఇచ్చేసి, నన్ను జాబితా చివరికి నెడతారు. ఒకటో తారీఖు నుంచి నాకు మీ ఊరి తూనికల ఆఫీసుకి బదిలీ కూడా అయింది. ఈ పడవ తప్ప నాకు ఇల్లు లేదు.

ఈ కాలవ మీద మొత్తం పంతొమ్మిది లాకులు. ఐదు దాటించాను. పడవని లాకులోకి తెచ్చి, లాకు మనిషితో కలిసి వెనక తలుపులు మూసి, నీళ్ళు వదిలి, కిందికి దిగాక ముందు తలుపులు తియ్యాలి. తొందరపడకు. వెనక గోడ అడుగున రాతి అంచు ఉంటుంది, చుక్కాని దాని మీద చిక్కితే వెనక భాగం పైనుండిపోయి ముందు భాగం మునుగుతుంది.

అసలు చిక్కు లాకులతో కాదు. ప్రభుత్వ గట్టున పడవని మూడు రాత్రులకి మించి వదలకూడదు. ఆదివారం సాయంత్రం నేను దిగి సోమవారం పొద్దున నువ్వెక్కితే ఇబ్బంది లేదు. మంగళవారం నుంచి శనివారం దాకా మాత్రం నాలుగు రాత్రులు. సొంత గట్టున్నవాళ్ళెవరైనా ఒప్పుకుంటేనే కుదురుతుంది. అది నీ వంతులో పడింది. ఎవరినీ బతిమాలకు. ఎవరి మేలూ నెత్తినేసుకోకు.

అక్క


మంగళవారం, మార్చి 12
తొమ్మిదో లాకు దాటి, లాండ్రీ వెనక

తూకాలక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే కొట్లో తనిఖీకి వచ్చినట్టుంది. బాగున్నావా అని ఒక్క మాట రాయడానికి కాగితం చాల్లేదా? పోనీ నేనే చెప్తా, బాగున్నాను. నడుం మాత్రం పట్టేసింది. కత్తెర తప్ప బరువైంది పట్టని చెయ్యి నాది.

నాలుగు లాకులు దించాను. తరవాత చోటు కోసం కాళ్ళరిగేలా తిరిగాను. రేకుల ఫ్యాక్టరీ కాపలాదారు గేటు దగ్గరే తిప్పి పంపేశాడు. బడివాళ్ళు పెద్ద సారుని అడగమన్నారు, పెద్ద సారు కమిటీని అడగాలన్నాడు. అదయ్యేసరికి పిల్లలు డిగ్రీ పూర్తి చేస్తారు. ఆఖరికి ఈ లాండ్రీ. గట్టు దాకా సబ్బు వాసన. యజమానురాలు నన్ను ఎగాదిగా చూసి, వీల్లేదని చెప్పబోతూ ఏం పని చేస్తావని అడిగింది. మంగలినన్నాను. ఆవిడకి ఇద్దరు కొడుకులు, తలలు చీపురుకట్టల్లా ఉన్నాయి. బకెట్ బోర్లించి గట్టు మీదే కూర్చోబెట్టి ఇద్దరికీ కత్తిరించాను. నాలుగు రాత్రులేం, వారం ఉంచుకోమంది.

నీ దుప్పటి మాసిందని వాళ్ళ చేత ఉతికించాను, మడతపెట్టి మంచం మీద ఉంది. ఎడమ పక్క రంగు కొంచెం గీసుకుంది. తొమ్మిదో లాకు గోడది తప్పు, నాది కాదు.

అడిగితే మనుషులు చోటిస్తారక్కా. 

నీ మంగలి


ఆదివారం, మార్చి 17
పన్నెండో లాకు కింద, ప్రభుత్వ గట్టు

తమ్ముడూ,

కొంచెం గీసుకుందని రాశావు. జానెడు పొడుగు, గోరు దిగేంత లోతు. నా ఉద్యోగమే కొలతలు, నాకా ఈ మాట?

శనివారం పొద్దున తాడు విప్పుతుంటే లాండ్రీ ఆవిడ వచ్చి, మీ తమ్ముడు మళ్ళీ ఎప్పుడొస్తాడు, మా మరిదికి కూడా చేయించాలంది. నేను తల వంచుకుని ఇంజను తిప్పాను. నా ఇంటిని నీ కత్తెర మీద నడిపిస్తున్నావు. ఆ దుప్పటి నేను ఉతుక్కోలేనా? నా వస్తువులు ముట్టుకోకు.

ఇంజను వేడెక్కి శనివారం సగం రోజు పోయింది, అందుకే మూడే లాకులు. నువ్వు పద్నాలుగు దాకా దించితే, వచ్చే వారం నేను పదిహేడు దాకా తెస్తాను. ఆఖరి రెండూ నీ సోమవారం. నాలుగు రోజులు మిగులుతాయి, అంతకు మించి చేతిలో ఏమీ లేదు.

ఈసారి ఒక్క కాగితంలో రాయి.

అక్క


మంగళవారం, మార్చి 19
పద్నాలుగో లాకు కింద, వడ్రంగి షెడ్డు వెనక

అక్కా,

ఒక్క కాగితంలో రాయమన్నావు కానీ ఈసారి నా వల్ల కాదు. కడుపులో పెట్టుకుని పది రోజులుగా తిరుగుతున్నాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

ఆమధ్య శుక్రవారం బావ దుకాణానికి వచ్చాడు. ముందు పోల్చుకోలేదు, జుట్టు బాగా పలచబడింది. నన్ను చూసి వెళ్ళిపోతాడనుకున్నా. కుర్చీలో కూర్చున్నాడు. నేనేం చెయ్యను, గుడ్డ కప్పి కత్తిరించాను. చెవుల దగ్గర ఎప్పటిలాగే వంకర. నీ గురించి అడిగాడు. బాగుందని చెప్పాను. ఇంకేం అడగలేదు, నేనూ ఇంకేం చెప్పలేదు. నీకు చెప్పకుండా దాచడం తప్పనిపించింది, అంతే. నువ్వు ఆయనతో మాట్లాడాలనీ కాదు, ఇంకోటీ కాదు.

రెండో కాగితంలోకి వచ్చాను. ఆయన వెళ్ళాక పాత సంగతి గుర్తొచ్చి పనిమీద మనసు నిలవలేదు. బావ ఇల్లు వదిలేసి నువ్వు పడవలోకి మారావని నాకెప్పుడు తెలిసిందో తెలుసా? ఏడు నెలలకి. ఎవరు చెప్పారో తెలుసా? గడ్డం చేయించుకోడానికొచ్చిన బస్సు డ్రైవరు. మొహం నిండా నురగతో, మీ అక్క పడవలో ఒక్కతే ఉంటోందట కదా అన్నాడు. తెలిసినట్టే తల ఊపాను. నా కత్తి ఆగిపోయింది. నాకు సిగ్గేసిందక్కా. నీకు నేను ఒక్కణ్ణే తమ్ముణ్ణి. ఏడు నెలలు నీకు ఒక్క రోజు కూడా నన్ను పిలవాలనిపించలేదా? ఆ తరవాత నీతో మాట్లాడిన ప్రతిసారీ అదే గుర్తొచ్చి గొడవ చేస్తున్నాను. ఇప్పుడు రాసేశాను కనక కొంత తేలికైంది.

ఇది మూడో కాగితం, ఇక పడవ సంగతి. ఇది జాగ్రత్తగా చదువు. పోయిన వారం ఈ గట్టున ఎవరో పోకిరీలు రెండు పడవల తాళ్ళు విప్పి నీళ్ళలోకి తోసేశారట. ఒకటి లాకు తలుపుకి కొట్టుకుని పగిలింది. అందుకని షెడ్డు పెద్దాయన మన పడవకి తన గొలుసు వేసి, తన తాళం వేశాడు. పని మానేసిన వడ్రంగి, ఒక్కడే ఉంటాడు. తాళంచెవి ఆయన దగ్గరుంది. శనివారం పొద్దున వెళ్ళి తలుపు కొట్టు, వినపడదు కనక గట్టిగా కొట్టు. తీసిస్తాడు. జుట్టు కూడా కత్తిరించనివ్వలేదు, ఊరికే ఇచ్చాడు చోటు. రోజూ రెండు పూటలా వచ్చి పడవ చూస్తానన్నాడు. ఒక్క నిమిషం ఆయనతో మాట్లాడు, సంతోషిస్తాడు.

నీ తమ్ముడు


ఆదివారం, మార్చి 24
పదిహేనో లాకు పైన

ఆ మనిషిని నువ్వింకా బావ అంటున్నావు. మొదటి కాగితం దగ్గరే నీ ఉత్తరం మడిచేశాను. మిగతా కాగితాలు చదవకుండా పొయ్యిలో వేశాను. నా కష్టం మీద నువ్వు గుడ్డ కప్పి క్షవరం చేసిన కథ నాకెందుకు?

ఇప్పుడు ఏం జరిగిందో విను. శనివారం పొద్దున వెళ్ళేసరికి పడవకి గొలుసు. మన తాళం కాదు. నీకు చోటిచ్చినవాడెవడో నీ దగ్గర ఏదో రాబట్టుకోడానికి నా పడవని పట్టి ఉంచాడనుకున్నాను. ఏం ఒప్పుకుని వచ్చావో నాకేం తెలుసు? బజారుకి నడిచి వెళ్ళి రంపం బ్లేడు కొనుక్కొచ్చి గొలుసు కోసేశాను. చేతులు బొబ్బలెక్కాయి. ముక్కలు గట్టు మీదే వదిలేసి బయల్దేరాను.

సాయంత్రం ఇక్కడికి వస్తే లాకు మనిషి తలుపులు తియ్యలేదు. పడవ దొంగతనం అయిందని ఫిర్యాదు వచ్చిందట, పడవ రంగు, ఎడమ పక్క గీతతో సహా. పడవ నా పేరునే ఉందని కాగితాలు చూపించాను. అవి సరే, ఫిర్యాదు ఇచ్చినవాడు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిస్తే తప్ప కదిలించడానికి లేదన్నాడు. పడవ అద్దం మీద ఎర్ర కాగితం అంటించారు. దారిన పోయేవాళ్ళంతా ఆగి చదువుతున్నారు. పదిహేనేళ్ళుగా నేను కొట్లకి తాళాలు వేయించాను, నాకు ఎవరూ ఇలా కాగితం అంటించలేదు.

ఇంక ఆరు రోజులు. వాణ్ణి కుదిర్చింది నువ్వు, ఆ కాగితం నువ్వే తీసుకురా. నాకు ఫోన్ చెయ్యకు.

అక్క


సోమవారం, మార్చి 25
వడ్రంగి ఇంటి అరుగు మీద నుంచి

అక్కా,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ కట్ చేశావు. అందుకే ఇది బస్సు డ్రైవరు చేత హాస్టల్‌కి పంపిస్తున్నాను. ఈసారి నాకు కోపం వచ్చింది, కాబట్టి పొట్టిగానే రాస్తా.

నువ్వు కాల్చేసిన మూడో కాగితంలో ఆ గొలుసు సంగతి రాశాను. పడవలు తోసేసే పోకిరీలున్నారని, కాపాడటానికి ఆయన తన గొలుసు వేశాడు. తాళంచెవి ఆయన దగ్గరుంది, తలుపు కొట్టమని రాశాను.

శనివారం మధ్యాహ్నం పడవ చూడ్డానికి వచ్చి కోసిన గొలుసు చూశాడట. నమ్మి అప్పగిస్తే పోగొట్టానని కంగారుపడ్డాడు. ఆ వయసులో గట్టు వెంట పై లాకు దాకా నడిచి వెతికి, అప్పుడు ఫిర్యాదు ఇచ్చాడు. నీ మీద కాదు. నీ కోసం.

పొద్దుట్నుంచి బతిమాలుతున్నాను. నా మీద కోపం లేదు, భోజనం కూడా పెట్టాడు. కానీ సంతకం పెట్టడు. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నా: "గొలుసు పోతే పోయింది. పడవ ఆవిడదైతే ఆవిణ్ణే రమ్మను. ఆవిడకి చెప్పాల్సింది ఆవిడకే చెప్తా."

నా సోమవారం పోయింది. రేపటి మంగళవారమూ పోయినట్టే, ఎర్ర కాగితం ఉన్న పడవని నేను కదపలేను. ఇంక నా చేతిలో ఏమీ లేదు. నువ్వే వెళ్ళాలి. పరాయి తలుపు కొట్టడం నీకు చచ్చేంత కష్టమని తెలుసు. నా తలుపే కొట్టలేదు నువ్వు.

తమ్ముడు


గురువారం, మార్చి 28
పదిహేనో లాకు పైన

తమ్ముడూ,

నీ ఉత్తరం మంగళవారం సాయంత్రమే అందింది, ఇదీ ఆ డ్రైవరు చేతే పంపిస్తున్నాను. నిన్న వెళ్ళగలిగేదాన్నే. బస్సు స్టాండు దాకా వెళ్ళి, తిరిగొచ్చి ఆఫీసుకి వెళ్ళాను. ధైర్యం చాల్లేదు. ఇది రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఇవాళ సెలవు పెట్టి వెళ్ళాను. తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో చెప్పను. కొట్టాను. వినపడలేదు. మళ్ళీ కొట్టాను. పెద్దాయన తీశాడు, చొక్కా నిండా చెక్క పొట్టు. పడవ నాదేనని చెప్పాను. లోపలికి రమ్మని కూడా అనలేదు. గడపలో నిలబడి అడిగాడు.

"నా తలుపు నీ పడవకి ఇరవై అడుగులుంటుందమ్మా. బ్లేడు కొనుక్కురాడానికి ఎంతసేపు పట్టింది?"

గంటన్నాను. క్షమించమని అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను, అనలేకపోయాను. ఆయనే నా చేతులు చూసి, బొబ్బలకి రాసుకోమని ఏదో నూనె తెచ్చిచ్చాడు. తరవాత కళ్ళజోడు వెతుక్కుని, నెమ్మదిగా రాసి సంతకం పెట్టాడు. ఆయన రాస్తున్నంతసేపూ ఏడుపు ఆపుకున్నాను.

కాగితం తీసుకుని ఇక్కడికి పరిగెత్తుకొచ్చేసరికి ఐదు దాటింది. లాకు మూసేశారు. ఎర్ర కాగితం మాత్రం పీకించాను.

రేపు కూడా సెలవు పెట్టాను. ఐదు లాకులు మిగిలాయి. పదిహేడు దాకా మనుషులుంటారు. పద్దెనిమిది, పంతొమ్మిది దగ్గర ఎవరూ ఉండరు, తలుపులు మనమే తోసుకోవాలి. ఇద్దరు తోస్తే పావుగంట పని అట. నేనొక్కదాన్నీ చూసుకుంటాను. నీ దుకాణానికి శుక్ర, శనివారాలు ఊపిరాడదని తెలుసు.

నీ ఉత్తరం కాల్చకుండా ఉండాల్సింది. రెండో కాగితంలో ఏం రాశావు?

అక్క


శుక్రవారం, మార్చి 29
దుకాణం నుంచి. పదిహేడో లాకు మనిషి చేతికి ఇమ్మని డ్రైవరుకి ఇచ్చాను.

అక్కా,

రెండో కాగితంలో ఏముందో ఇప్పుడు రాయను. అది ఎదురుగా చెప్పాల్సింది.

ఆ ఆఖరి తలుపులు నేను చూశాను. ఒక్క మనిషి తోస్తే కదులుతాయి కానీ, కదిలేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఒక పక్క తలుపు తీసి, మెట్లెక్కి, చుట్టూ తిరిగి అవతలి పక్కకి వెళ్ళేసరికి పడవ అడ్డం తిరుగుతుంది.

నీకు చెప్పకుండా వచ్చేద్దామని పొద్దున ఒకసారి షట్టర్ దించాను కూడా. మళ్ళీ ఎత్తాను. ఇన్నేళ్ళూ నువ్వు పిలవకుండానే వచ్చాను, వచ్చినందుకు తిట్లే తిన్నాను. ఈసారి అడిగితేనే వస్తాను. ఫోన్ చేసి ఒక్క మాట అను, ఎవరున్నా దుకాణం మూసేసి వచ్చేస్తాను. అనకపోతే రాను. ఇది పంతం కాదు. పంతమే అనుకుంటే అనుకో.

ఫోన్ జేబులోనే పెట్టుకుని ఉంటాను.

తమ్ముడు


శనివారం, మార్చి 30
మీ ఊరి వంతెన కింద, ప్రభుత్వ గట్టు

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రమే లాకు మనిషి ఇచ్చాడు. చీకటి పడేదాకా నా ఒళ్ళోనే ఉంది.

పొద్దున వెలుతురు రాగానే కదిలాను. పద్దెనిమిదో లాకు చేరేసరికి ఎనిమిది. ఎడమ తలుపు మూశాను. కుడి తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి తోశాను, కదల్లేదు. ఫోన్ తీసి నీ నంబరు చూస్తూ రాతి మీద పావుగంట కూర్చున్నాను. నువ్వు రాసినట్టు ఒక్క మాటే. అది కూడా అనలేక మళ్ళీ లేచి తోశాను. ఆ ఒక్క లాకు దాటడానికి రెండు గంటలు పట్టింది. పంతొమ్మిదోది నువ్వు చెప్పినట్టే అయింది. నేను చుట్టూ తిరిగి వచ్చేలోపల పడవ అడ్డం తిరిగి గోడల మధ్య ఇరుక్కుంది. గడ పెట్టి తోసి తోసి విడిపించాను.

రేవులోకి వచ్చేసరికి పన్నెండూ నలభై.

నా చోట్లో పడవ ఉంది. ఆకుపచ్చది. తాళ్ళు కట్టేసి, భార్యాభర్తలు గట్టు మీద సామాను దించుకుంటున్నారు. వాళ్ళూ నాలాగే ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళట, జాబితాలో నా వెనకే ఉన్నారు. గుమాస్తా పన్నెండుంపావు దాకా ఆగి వాళ్ళని పిలిచాడు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు. చేతిలో గడియారం ఉన్నదాన్ని, నలభై నిమిషాలంటే ఎంతో నాకు ఒకరు చెప్పాలా?

నువ్వొచ్చి ఉంటే పదకొండుకల్లా ఇక్కడుండేదాన్ని. ఈ మాట లాకు గోడల మధ్య ఇరుక్కున్నప్పుడే తెలిసింది. ఐదేళ్ళు ఎదురుచూసిన చోటుని చేజేతులా పోగొట్టుకున్నాను. ఎవరి మీదా నెట్టడానికి లేదు.

ఇక్కడ మూడు రాత్రులే ఉండనిస్తారు. సోమవారం నుంచి కొత్త ఆఫీసు. మంగళవారం లోపల పడవకి ఏదో ఒక చోటు చూడాలి, ఆ తరవాత మళ్ళీ ఇంకోటి, జాబితాలో వంతు వచ్చేదాకా ఇంతే. ఈ ఊళ్ళో ఎవర్ని అడగాలో నాకు తెలీదు. అడగడం అంతకన్నా తెలీదు. ఇద్దరం కలిసి వెళ్దాం, నువ్వు అడుగుతుంటే పక్కన నిలబడి చూస్తాను.

ఈ కాగితం ఇంటికెళ్తూ నీ దుకాణంలో ఇమ్మని రేవు గుమాస్తానే అడిగాను. ఇస్తానన్నాడు. ఫోన్లో అనలేను, అందుకని రాస్తున్నాను. నాకు ఒక్కదానికీ చేతకాలేదురా. వచ్చెయ్. రెండో కాగితంలో ఏం రాశావో అదీ వచ్చి చెప్పు, గొడవైతే అవనీ. శనివారమని తెలుసు, అయినా అడుగుతున్నాను. కుర్చీలో ఎవరున్నా సరే, సగం జుట్టుతో అలాగే కూర్చోబెట్టి రా.

అక్క